సునీత దరఖాస్తులో నా పని

మే 20, 1984, ఆదివారం

మా అమ్మాయి సునీత ఎం.బి.ఏ. దరఖాస్తు పూర్తయింది. మార్కులు ఉన్నాయి గానీ, పదిమందిని నడిపించిన అనుభవం కూడా చూపించాలట. ఏమీ దొరక్క నా పని రాసుకుంది. చర్చి కోసం ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం మూడేళ్లుగా తనే పోగుచేయిస్తోందట. పద్దెనిమిదేళ్లుగా పేటలన్నీ తిరిగి ఆ సంచి మోసింది నేను. ఒకసారి తోడు రమ్మంటే, "కాలేజీవాళ్లు చూస్తే నవ్వుతారమ్మా" అంది.

చర్చి స్త్రీల సమాజం కార్యదర్శిని కనుక ఆ మాట నిజమేనని నేనే సంతకం పెట్టాలి. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు కాగితం నా ముందుంచారు.

"మీరు చేసినా అమ్మాయి చేసినా ఒకటేనండీ. పిల్ల భవిష్యత్తు చూడాలి కదండీ."

"దేవుడి దగ్గర కూడా ఒకటేనాండీ?"

"ఆయ్, ఆయన అమ్మ మనసు ఎరుగును లెండి" అని నవ్వుతూ కలం ఇచ్చారు.

పెట్టాను. పెట్టక సీటు రాకపోతే జీవితాంతం నావల్లే పోయిందంటుంది.

ఇంటికొచ్చి దరఖాస్తు మొత్తం చదివాను. తల్లి వృత్తి అన్నచోట 'ఏమీ లేదు' అని ఉంది.

"ఇదేమిటే?"

"నీకు ఉద్యోగం లేదు కదమ్మా, మరేం రాయమంటావు?"

అబద్ధానికి క్షమించమని అడగడానికి మోకరించాను. కోపం తప్ప మరేమీ రాలేదు. రేపు బియ్యానికి వెళ్లాల్సిన రోజు. ఇన్నేళ్లలో మొదటిసారి వెళ్లాలని లేదు...