ఇంజన్ పొగ

తమ్ముడూ,

నువ్వు పోయి ఏడాదైనా నీకు రాసే ధైర్యం చాల్లేదు. ఇవాళ పోస్టుమార్టం తుది రిపోర్టు వచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున నెమలి ఊళ్ళో స్వామి గుడికి రానన్నావని, "దేవుడక్కర్లేనివాడివి నాకూ అక్కర్లేదు, పో" అన్నాను. "ప్రసాదం మాత్రం తేవే అక్కా" అని నవ్వుతూ పొలం వెళ్ళావు. సాయంత్రం నిన్ను నూతిలోంచి తీశారు. ఒళ్ళు ఎర్రబారి ఉంటే, పురుగుమందు తాగి దూకాడంది ఊరంతా. నా మాటకే పోయావనుకున్నాను. అప్పట్నుంచీ గుడికెళ్ళినా స్వామి ముఖం చూడలేకపోయాను.

తిరువూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చదివి చెప్పింది.

"మందు తాగలేదమ్మా. దూకితే ఎముకలు విరిగేవి, అదీ లేదు. నీళ్ళు అడుగంటాయని డీజిల్ ఇంజన్ని నూతిలోకి దించి నడిపాడని పోలీసులు రాశారు. ఆపడానికి దిగేసరికి పొగ నిండిపోయి ఉంది. అది రక్తంలో చేరి ప్రాణవాయువు అందనివ్వలేదు. ఒళ్ళు ఎర్రబడిందీ అందుకే."

మరదలికి ఫోన్ చేశాను. "ఆయన అలాంటి పని చేసే మనిషి కాదని నే చెప్పలా వదినా!" అని ఏడుస్తూనే నన్ను కోప్పడింది. ఇన్నాళ్ళకి కడుపునిండా అన్నం తిన్నాను.

నేనన్న మాట దానికి ఇప్పటికీ తెలీదు. ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో తమ్ముడూ, ఎవరికీ చూపించకు.

అక్క