పక్కన పెట్టిన కట్టలు

సాయవ్వక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వినవని తెలిసీ రాయిస్తున్నాను.

మన బోధన్ బీడీ కార్ఖానాకు, మేం చుట్టిన బీడీలు చూసి కూలి కట్టే కొత్త టేకేదారు వచ్చాడు. మాట మాటకూ "అవ్వా" అంటాడు, అందుకే నమ్మను. ఈ రోజు నా బీడీల్లో రెండు కట్టలు బాగాలేవని కూలి కోసి పక్కన పెట్టుకున్నాడు.

"బాగలేకుంటే నా ముంగట్నే తుంచు," అన్నాను. పనికిరాదని కూలి కోసిన బీడీని టేకేదారు దొంగచాటుగా అమ్ముకోకుండా, చుట్టినామె ఎదుటే తుంచాలని కొట్లాడి రివాజు పెట్టించింది నువ్వే కదా.

"ఎందుకవ్వా, రేపు తుంచుత తియ్యి," అని నవ్వాడు.

కట్టలు గుంజుకుని నేనే తుంచేశాను.

"అయ్యో, మంచి బీడీలు గదనే ముసల్దానా!" అని అరిచాడు.

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా విన్నారు. "గట్లయితే మావి గూడ బయటికి తియ్యి," అని అందరికంటే ముందు అతని మీదికి పోయింది నీ కోడలే, అక్కా.