ఏనుగు కొలతల షీటు

కరీంనగర్

పెద్దబాపుకు దండాలు.

నువ్విచ్చిన కర్ర ఏనుగును ఆ చెవి నుంచి ఈ చెవి దాకా కొలిచి మా ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించాను! ఎత్తు ఒక్కటి మారిస్తే చాలు, తొండం, కాళ్ళు అన్నీ వాటంతటవే మారిపోతాయి. ఒక్క నొక్కుతో కొలతలన్నీ ఎక్సెల్ షీటులోకి దిగాయి, ఇరవై మూడు వరుసలు! ప్రింటు ఈ బస్సు పార్శిల్‌లోనే ఉంది. ఇక్కడి బొమ్మల షోరూం కైలాసం సార్ ఇదే షీటు చూసి అట్టపెట్టె చేయించాడు. ఈ కొలతలతో నువ్వు చేసి పంపే కొత్త ఏనుగు అందులో సరిగ్గా కూర్చుంటే రెండు వందల ఆర్డర్. మూతపడ్డ నీ కార్ఖానా మళ్ళీ తెరవొచ్చు!

నీ భవ్యశ్రీ

తా.క. వెంట్రుకవాసి తేడా కూడా రావొద్దు.

నిర్మల్

బిడ్డ భవ్యశ్రీకి దీవెనలు.

నీ కాయిదం గోడకు అంటించి, ఒక్కొక్క వరుస చూసుకుంట కట్టె చెక్కిన. జర్రంత తేడా రాలే. ఆనక చింతగింజల లప్పం రెండు సుట్లు పూసి, రంగులేసి పంపుతున్న. ఫికర్ చెయ్యకు.

మీ పెద్దబాపు అంబదాస్

తా.క. మీ పెద్దమ్మ సత్తమ్మ కాయిదం జూసి, "గిన్ని అంకెలల్ల ఏనుగేదయ్యా?" అంటున్నది.

కరీంనగర్

పెద్దబాపూ, కొంప మునిగింది!

ఏనుగు పెట్టెలో పట్టలేదు. చెవుల దగ్గర ఇరుక్కుంటే కైలాసం సార్ తొండం పట్టి గుంజాడు. "ఏందమ్మా, మీ కంప్యూటర్ ఏనుగు తొవ్వల మేసుకుంట వచ్చిందా?" అన్నాడు. తప్పు నాదే. నేను కొలిచింది రంగులేసిన ఏనుగును, నువ్వు ఆ కొలతకు కట్టె చెక్కి పైన లప్పం పూశావు. అందుకే షీటులో 'లప్పం మందం' అని కొత్త వరుస చేర్చాను. కొత్త ప్రింటు చూడు. శుక్రవారంలోపు ఇంకో ఏనుగు రావాలి. సార్ ఇచ్చింది ఒక్కటే అవకాశం!

కంగారులో, భవ్యశ్రీ

తా.క. తొండం బాగానే ఉంది. సార్ వేలికే కట్టు.

నిర్మల్

బిడ్డా, పరేషాన్ గాకు.

కొత్త కాయిదం ముట్టింది. 'లప్పం మందం' వరుస జూసి, ప్రతి కొలతలకెల్లి గంత తీసేసి చెక్కిన. మళ్ళ ఇరుక్కోవద్దని అందాజతోని, కంటి కొలతకే, ఇంకింత గీకిన. ఈసారి పెట్టెల పడుతది.

దీవెనలతో, పెద్దబాపు

తా.క. "గిది ఏనుగా, పందిపిల్లా?" అంటున్నది మీ పెద్దమ్మ. నేను నవ్వలే.

కరీంనగర్

పెద్దబాపూ, పెద్దబాపూ!

ఆ మందాన్ని షీటు ముందే తీసేసింది! ఆ ముక్క రాయడం నేనే మరిచాను. నువ్వు మళ్ళీ తీశావు, పైగా గీకావు. పెట్టెలో ఏనుగు లొడలొడలాడింది, నా గుండె కూడా. కైలాసం సార్ నోరు తెరిచేలోగా ఆయన నాలుగేళ్ళ మనవరాలు దాన్ని చంకలో పెట్టుకుని ఒకటే పరుగు. షోరూంకు వచ్చిన పిల్లలంతా, "నాగ్గూడ గసొంటిదే గావాలె!" అని దాని వెనక. సార్ అక్కడికక్కడే ఆర్డర్ రాశాడు. రెండు వందలు కాదు, ఐదు వందలు! అన్నీ అచ్చం అదే కొలతలో. కార్ఖానా తెరువు!

ఎగిరి గంతేస్తూ, నీ భవ్యశ్రీ

తా.క. ఆ కొలత నా ఏ షీటులోనూ లేదు. కొలుద్దామంటే ఆ పిల్ల స్నానానికి పోయినా ఏనుగును వదలడం లేదు. జల్ది రాయి, అందాజ అంటే ఎన్ని మిల్లీమీటర్లు?