పెట్రోలు వాసన నిజమే

అమ్మాయ్, లేచాక కారు జోలికి వెళ్లకు. తాళం నా సంచిలోనే ఉంది. షెడ్డు తలుపు బార్లా తీసి ఉంచాను, మూయకు. షెడ్డు వైపున్న వంటగది కిటికీ మాత్రం తెరవకు, స్టవ్ వెలిగించకు. పాలు నేను లేవగానే కాచి ఫ్లాస్కులో పోశాను. పదింటికి నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి టాక్సీ వస్తుంది.

పొద్దున ఆఫీసుకి బండి తీద్దామని కూర్చుంటే, ఎంత తిప్పినా దగ్గుతోందే కానీ స్టార్టవలేదు. పైగా గుప్పుమని పెట్రోలు వాసన. వీధి చివరి మెకానిక్కును పిలుచుకొచ్చాను. బానెట్టు ఎత్తి చూసి, "ఇంజనుకి పెట్రోలు వెళ్లే రబ్బరు పైపు పగిలిందమ్మా. రాత్రంతా కారిపోతే పొద్దున్నే ఎలా స్టార్టవుతుంది? ఒక్క నిప్పురవ్వ పడితే బండి దక్కేది కాదు" అన్నాడు. మధ్యాహ్నం వచ్చి కొత్త పైపు వేస్తాడు.

వారం నుంచి నువ్వు వాసన వస్తోందని మొత్తుకుంటుంటే, నా సుపుత్రుడు "కడుపుతో ఉన్నవాళ్లకి అన్నీ వాసనలే" అని నవ్వేశాడు. ఊరెళ్లినవాడికి ఫోన్ చేసి బాగా దులిపాను. సాయంత్రం వచ్చి బతిమాలతాడు. వెంటనే కరిగిపోకు.

బస్సు టైమైంది, వెళ్తున్నాను.

అన్నట్టు, నిన్నటి నుంచి నడుం లాగుతోందని కూడా అంటున్నావు. మామూలేలే అన్నాం అందరం. అదీ నువ్వు ఊరికే అని ఉండవు. డాక్టరమ్మతో ముందు ఆ మాటే చెప్పు. వద్దులే, నేనే సెలవడిగి నేరుగా ఆస్పత్రికి వస్తాను. నేను వచ్చేదాకా లోపలికి వెళ్లకు.