ఎవరి ఖాతాలో వేయమంటారు?

మార్చి 4

ప్రియమైన అక్కయ్యకి,

నమస్కారం. ఫోన్‌లో నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

చిన్నక్క నుంచి కార్డు వచ్చింది. నువ్వు చదివింది నిజమే. పెళ్లై వెళ్లిన ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. బస్సు నడపడం మానేశాక చిన్నబావ అక్కడ ఒక శీతల గిడ్డంగిలో కాపలా పనిలో చేరాడట. అక్కడి మా కంపెనీ కంప్రెసర్ పక్కన వేలాడుతున్న, నేను రాసిన మరమ్మతు పుస్తకం మీద నా పేరు చూసి ఇంటికి తీసుకెళ్లాడట. చిన్నక్క మా కంపెనీ చిరునామాకి రాసింది. గొంతుకు ఆపరేషనై మాట పోయిందట. "చెప్పాల్సినవి ఉన్నాయి, కాగితం మీద కాదు. ఇద్దరూ రండి" అని, అంతే. మనల్ని మరిచిపోయిందనుకున్నాం కదా. మరిచిపోలేదు.

సముద్రం దాటాలి. రెండు టిక్కెట్లు మన జీతాలతో అయ్యే పని కాదు. కానీ ఒక దారి ఉంది. ఏడాదిగా కంపెనీ నన్ను గిడ్డంగుల మరమ్మతులకి విమానంలోనే తిప్పుతోంది. ఎక్కిన ప్రతిసారీ కౌంటర్‌లో అమ్మాయి "మైళ్ల నంబరు ఉందా సార్?" అంటుంది. లేదంటాను. నిన్న కోప్పడింది. "వారానికి రెండుసార్లు కనిపిస్తారు, ఎగిరిన మైళ్లన్నీ గాలికి వదిలేస్తారు. ఎవరి ఖాతాలో వేయమంటారో చెప్పండి సార్, మీది కాకపోతే ఇంట్లోవాళ్లది!" అంది.

కనుక్కుని నోటుబుక్కులో రాసుకున్నాను. ఎక్కిన ప్రతిసారీ ఖాతాలో మైళ్లు జమవుతాయి, చాలినన్ని చేరితే డబ్బు కట్టకుండా టిక్కెట్టు ఇస్తారు. ఎక్కేది ఒకే విమానమైనా మైళ్లు రెండు చోట్ల ఎక్కడైనా వేయించుకోవచ్చు. ఒకటి ఆ విమానం వాళ్ల సొంత పథకం, నీలం కార్డు. టిక్కెట్టు ధరను బట్టి మైళ్లు పడతాయి. కంపెనీ నాకు కొనేది అన్నిటికన్నా చవక టిక్కెట్టు, కాబట్టి తక్కువ. కానీ ఖాతా నాది. ఎప్పుడు కావాలంటే అప్పుడు నేనే టిక్కెట్టు తీసుకోవచ్చు. రెండోది వాళ్లతో పొత్తున్న ఇంకో కంపెనీది, ఎర్ర కార్డు. దూరాన్ని బట్టి మైళ్లు, దాదాపు రెట్టింపు. కుటుంబమంతా ఒకే ఖాతాలో కలుపుకోవచ్చు. అయితే ఖాతాకి ఒకరే పెద్ద, టిక్కెట్టు తీయగలిగేది ఆ ఒక్కరే.

నాకు నీలమే నయమనిపిస్తోంది. ఆలస్యమైనా చేతిలో ఉంటుంది. బావ టిక్కెట్ల ఆఫీసులోనే పనిచేస్తాడు కాబట్టి ఏమంటాడో కనుక్కుని రాయి.

నీ తమ్ముడు

మార్చి 13

ప్రియమైన తమ్ముడూ, ఒరేయ్ మౌనస్వామీ,

రెండు పేజీల ఉత్తరం! బుద్ధెరిగాక నువ్వు ఇన్ని మాటలు ఒకేసారి ఖర్చు పెట్టడం ఇదే. మీ బావకి చూపిస్తే "ఇది వాడే రాశాడా, మరమ్మతు పుస్తకంలోంచి చింపి పంపాడా?" అన్నారు.

చిన్నదాని గొంతు సంగతి చదివాను. దానికి జవాబు రాసేటప్పుడు పాత సంగతులు తవ్వకు. జబ్బు మనిషి. క్షేమం అడుగు, వస్తామను, చాలు.

కార్డు విషయం. మీ బావ ఎర్రదే అంటున్నారు. "మీవాడి చవక టిక్కెట్లు నీలంలో వేస్తే, వాడి మనవలు కూడా సముద్రం దాటరు" అన్నారు. పెళ్లే చేసుకోనివాడికి మనవలెక్కడి నుంచి వస్తారండీ అన్నాను. ఖాతా తెరిపించేశాం. మీ బావ ఆఫీసు పని మీద తిరిగే మైళ్లూ అందులోనే పడతాయి. పెద్దగా నా పేరు పెట్టించాను. నీ మీద పెత్తనం నాకు కొత్తా ఏమిటి?

నంబరు కింద రాశాను. ఆ కౌంటర్ పిల్ల అడిగినప్పుడు నోరు తెరిచి చెప్పు, ముత్యాలేం రాలిపోవు. వేళకి తిను.

నీ పెద్దక్క

మరుసటి ఏడు, నవంబరు 2

ప్రియమైన అక్కయ్యకి,

నిన్నటితో లెక్క పూర్తయింది. ఇరవై నెలలు, నూట నలభై ఆరు ప్రయాణాలు. బోర్డింగ్ కాగితాలన్నీ తారీఖు వరసన దారానికి గుచ్చి ఉంచాను. మూడుసార్లు మైళ్లు పడకపోతే అవి చూపించి వేయించాను. నేరుగా వెళ్లే విమానం ఉన్నా, మధ్యలో దిగి మారేదాన్నే అడిగి ఎక్కాను. దూరం పెరుగుతుందని. తోటి మెకానిక్కు "నీకు ఇల్లూ వాకిలీ లేవా గురూ, ఆకాశంలో కాపురం పెట్టావు?" అని ఒకటే నవ్వు.

బావవి కలిపితే రెండు టిక్కెట్లకి, రానూ పోనూ, సరిపోతాయి.

చిన్నక్క అక్షరాలు ఈసారి గీత దాటి కిందికి జారుతున్నాయి. "చలి ముదిరేలోగా" అని రాసింది. డిసెంబరు మొదటి రెండు వారాలకి సెలవు అడిగి ఉంచాను. టిక్కెట్లు తీయించు. కిటికీ సీటు నీకు. మొదటిసారి ఎక్కేవాళ్లకి పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, భయపడకు. గుటక వేస్తే సర్దుకుంటుంది.

నీ తమ్ముడు

నవంబరు 15

ప్రియమైన తమ్ముడూ,

ఏం చెప్పమంటావురా. సీట్లు లేవు. మైళ్లతో తీసే టిక్కెట్లకి విమానానికి నాలుగో ఐదో ఇస్తారట, వాటిని ఎవరో ముందే ఎగరేసుకుపోయారట. మూడు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని మీ బావ కళ్లు కాయలు కాశాయి. నేను సణిగితే "ఇది మీవాడి కంప్రెసర్ కాదు, రెండు తన్ని కదిలించడానికి" అని కసిరారు. జనవరిలో చూద్దామన్నారు.

నాకూ మోకాళ్లు బాగా లేవు. చిన్నది నీకు ఇంకేమైనా రాసిందా? ఏమేం రాసిందో నాకూ చెప్పు. కార్డులు పారేయకుండా నాకు పంపించు, చూసి దాస్తాను.

నీ పెద్దక్క

జనవరి 9

ప్రియమైన అక్కయ్యకి,

నిన్న విమానం రెండు గంటలు ఆలస్యమైంది. కౌంటర్ అమ్మాయి ఖాళీగా ఉంటే మన టిక్కెట్ల సంగతి అడిగాను. చూసి చెప్పింది. "రెండేంటి సార్, ప్రతి గురువారం నాలుగున్నాయి. రెండు నెలలుగా ఇంతే, ఎవరూ తీసుకోవట్లేదు. మీ ఖాతా పెద్దావిడ ఒక్కసారి సరే అంటే చాలు." ఆ పెద్ద మా అక్కయ్యే అన్నాను. "అయితే ఇంకేం సార్, ఇంట్లో మనిషేగా!" అంది.

బావ చూసిన రోజులు వేరై ఉంటాయి. గురువారాలు చూడమని చెప్పు. నేను ఒక్కణ్ణీ అప్పోసప్పో చేసి వెళ్లగలను, కానీ ఇద్దరినీ రమ్మంది. నిన్ను వదిలి వెళ్లడం నాకు తోచదు.

నీ తమ్ముడు

జనవరి 17

తమ్ముడూ,

దారిన పోయే పిల్ల చెప్పింది వేదం, మీ బావ చెప్పింది అబద్ధమా? అమ్మానాన్నా పోయాక నీకు పలక కొనిచ్చి అక్షరాలు దిద్దించింది ఎవరు? జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుంది ఎవరు? ఇరవై ఎనిమిదేళ్లు నీ మొహం చూడనిది నాలుగు వాక్యాలు రాసేసరికి నేను పరాయిదాన్నయ్యానా?

గురువారాలు చూడమన్నాను. చూస్తారు. మోకాళ్ల నొప్పితో లేవలేకపోతున్నాను, అది మాత్రం నువ్వు అడగవు.

పెద్దక్క

ఫిబ్రవరి 6

అక్కయ్యకి,

ఇది చిన్నక్క ఇంట్లో, వంటగది బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం అందిన వారానికి చిన్నబావ ఫోన్ చేశాడు, ఇక ఆలస్యం చేయొద్దని. ఆఫీసులో ముందుజీతం తీసుకుని ఒక్కణ్ణే బయలుదేరాను. నిన్ను వదిలి వెళ్తున్నందుకు సిగ్గేసి నీకు చెప్పలేదు.

శుక్రవారం వచ్చాను. మంగళవారం ఉదయం చిన్నక్క పోయింది.

అంతా అయ్యాక చిన్నబావ నా ముందు ఐదు కవర్లు పెట్టాడు. "నీకు చూపించొద్దంది మీ అక్క. నావల్ల కాదయ్యా. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, మనిషిని దిగాల్సిన చోట దింపకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

ఐదూ నా పేరునే. నాకు పందొమ్మిది, ఇరవై ఏళ్లప్పుడు మన పాత ఇంటికి రాసినవి. ఐదూ వెనక్కి తిరిగొచ్చాయి. చిరునామా మీద అడ్డంగా గీత, పక్కన "ఈ పేరుగలవారు ఇక్కడ లేరు" అని. ఆ అక్షరాలు నీవి. నాకు రాత నేర్పింది నువ్వు. క కింద ఒత్తు ఎలా మెలిపెడతావో నాకు తెలియదా?

లోపల ఉన్నది ఒకటే విషయం. ఇక్కడి బస్సు డిపోలో పని నేర్చుకుంటూ సాయంత్రాలు సాంకేతిక కళాశాలలో చదివే సీటు. చిన్నబావ పూచీ ఇచ్చాడు. నా కోసం రెండేళ్లు అట్టే పెట్టారట. ఆ రెండేళ్లూ నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాను. "చిన్నది మనల్ని మరిచిపోయిందిరా" అని నువ్వు చెబితే తల ఊపేవాణ్ణి.

ఒక్కటే అడుగుతున్నాను. ఎర్ర కార్డు ఎంచింది బావా, నువ్వా?

తమ్ముడు

ఫిబ్రవరి 20

ప్రియమైన తమ్ముడికి,

చిన్నదాని కబురు చదివి మూడు రోజులు మంచం దిగలేదు. మీ బావకి నిన్ననే అంతా చెప్పాను. కంచం పక్కకి నెట్టి లేచి వెళ్లిపోయారు.

ఎర్రది నేనే. మీ బావ నీలమే మంచిదన్నారు. "వాడి మైళ్లు వాడి చేతిలో ఉండనీ" అన్నారు. ఆ మనవల మాట నేను కల్పించి రాసింది. సీట్లూ ఉన్నాయి. డిసెంబరుకి ఆయన రెండు సీట్లు పట్టారు కూడా. నీకు సెలవు దొరకలేదని చెప్పి నేనే రద్దు చేయించాను. "చెప్పాల్సినవి ఉన్నాయి" అని అది రాసిన రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదురా. మీరిద్దరూ ఒకచోట కూర్చుంటే నా బతుకు ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ ఉత్తరాలెందుకు తిప్పి పంపానంటావా? దాన్ని పంపించి ఒక చెయ్యి పోగొట్టుకున్నాను. రెండో చెయ్యి కూడా ఇచ్చెయ్యమంటే ఎలా ఇస్తాను? వెళ్తే నువ్వు తిరిగి రావు. మీ బావకి అప్పుడు ఉద్యోగం లేదు, ఇల్లు నీ కూలి మీద నడిచింది. అదీ నిజమే, ఇప్పుడు దాచి ఏం లాభం.

మైళ్లన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటి ముట్టుకోలేదు. ఎక్కడికి కావాలో చెప్పు, ఈ రోజే తీయిస్తాను. ఒకసారి ఇంటికి రా నాన్నా. తిట్టడానికైనా రా.

నీ పెద్దక్క

మార్చి 3

ఉత్తరం అందింది.

కుటుంబ ఖాతాలోంచి నన్ను తీసేయమని ఎర్ర కార్డు వాళ్లకి రాశాను. తీసేశారు. బయటికి వెళ్లే మనిషికి మైళ్లు తిరిగి ఇవ్వరట, అవి ఖాతా పెద్దకే ఉండిపోతాయట. ఉంచుకో. నేను నీలం కార్డు తీసుకున్నాను.

చదువు గురించి నాకు పట్టింపు లేదు. పుస్తకాలు చూసుకుని నేర్చుకున్నాను, గడిచింది. ఇంట్లో గడవదు, వెళ్లకు అని నువ్వు అప్పుడు అడిగి ఉంటే ఆగిపోయేవాణ్ణి. నువ్వు అడగలేదు. డిసెంబరు సీట్లు మాత్రం నాకు మింగుడు పడటం లేదు. డిసెంబరులో తను లేచి కూర్చునేదట. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచేదట.

నేను వెళ్లగానే పలక మీద మొదట రాసింది "పెద్దక్క ఏది?" అని. నీకు జ్వరమని, ఆదివారం విమానంలో వస్తున్నావని చెప్పాను. అప్పటికి నాకు కవర్ల సంగతి తెలియదు. ఆ నాలుగు రోజుల్లో తనూ ఆ మాట ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే తల దువ్వించుకుని, మంచం పక్కన నీకోసం కుర్చీ వేయించుకుంది. సోమవారం చిన్నబావ ఆ కుర్చీ జరపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

ఇన్నాళ్లూ చెప్పాలని పిలిచి, తీరా నేను వచ్చాక ఎందుకు చెప్పలేదని చిన్నబావని అడిగాను. పలక తెచ్చి చూపించాడు. శనివారం ఆయనకి రాసిందట. చెరపడానికి ఆయనకి చేతులు రాలేదు.

"వాడికి నేను చెప్పను. పెద్దక్క వచ్చి తనే చెబుతుంది. ఆ అవకాశం తనకి వదిలేద్దాం."

ఇక నాకు రాయకు.

చిన్నక్క తమ్ముడు