కోర్టు మీద కొబ్బరి రాశి

9 మార్చి 2003

పొద్దున్నే బాల్కనీలో కుర్చీ. ఎదురుగా బాల్ బాడ్మింటన్ కోర్టు. మా అపార్టుమెంటు కట్టినప్పుడు ‘పిల్లల ఆటస్థలం’ అని బోర్డు పెట్టి మరీ వదిలిన జాగా. రెండో అంతస్తు జాన్ మాస్టారి అమ్మాయి రూతు గోడకేసి ఉన్ని బంతి కొడుతోంది. చర్చికి వెళ్ళేలోగా రెండు వందల దెబ్బలట. ఇరవై తొమ్మిదిన కాకినాడలో జిల్లా సెలక్షన్లు. కాలేజీ మైదానంలో మగపిల్లలు చోటివ్వరు. ఉన్నది ఇదొక్కటే.

“తాతగారూ, మణికట్టు సరిగ్గా తిరుగుతోందాండీ?”

నాకేం తెలుసు! ముక్తేశ్వరం రేవులో లాంచీ కట్టేసి ఇసకలో ఆడినవాణ్ణి. అయినా తల ఊపాను, తెలిసినట్టే.

11 మార్చి

మా అపార్టుమెంటు ప్రెసిడెంటు వెంకటరత్నం గారు కోర్టు మధ్యలో నిలబడి నేల చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. కొబ్బరితోటలున్నవాళ్ళకి అడుగు నేల ఊరికే ఉంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది. పోయినేడు ఉయ్యాల స్తంభానికి పొట్లపాదు పాకించారు. ఉయ్యాల పోయింది. ఆ పొట్లకాయ నేనూ తిన్నాను. రుచిగానే ఉంది... ఛీ.

14 మార్చి

పార్కింగులో మీటింగు. వెంకటరత్నం గారు మొదలెట్టారు.

“తోటలో కొబ్బరి దింపు తీయించేనండీ. కాయ పోయడానికి అక్కడ చోటు లేదండీ. రెండ్రోజులు, రెండంటే రెండ్రోజులు మన కోర్టులో పోయించుకుంటాను. ఏమంటారు?”

“ఆయ్.”

“ఆయ్, దానికేముందండీ!” ఒకరి తర్వాత ఒకరు.

జాన్ మాస్టారి వంతు వచ్చింది. ఆయన తండ్రి ఆ తోటలోనే కూలికి కాయలు ఒలిచాడు. ఆ మాట ఎవరూ అనరు, ఎవరూ మరిచిపోరు. “ఆయ్ అండీ” అన్నారు చివరికి.

తర్వాత నా వంతు. నేనూ అదే అన్నాను.

15 మార్చి

రెండు ట్రాక్టర్లు. కోర్టు మాయం.

18 మార్చి

రెండ్రోజులు దాటి ఇంకో రోజు. కాయ కదల్లేదు, పైగా ఒలుపు మొదలు. సరిగ్గా కోర్టు నడిమధ్య గునపాలు పాతారు. డొక్కలు, పీచు, కుళ్ళు వాసన, దోమలు. పీచు ఎగరకుండా కుప్ప మీద కప్పిందేమిటా అని చూస్తే — నెట్టు! పిల్లలు ఆడుకునే నెట్టు!

లాంచీ మీద టిక్కెట్లు చింపిన ఇరవై ఏళ్ళూ ఇదే తంతు. “ఇంకొక్కరే కదండీ” అంటారు. లాంచీ నడిపే సరంగు “ఆయ్” అంటాడు. మళ్ళీ ఇంకొక్కరు. నీళ్ళు అంచు దాకా వచ్చినా ఎవరూ ఎవర్నీ దిగమనరు. మునిగినా మర్యాదగానే మునుగుతాం. ఈ మర్యాద తలుచుకుంటే డోకొస్తోంది.

21 మార్చి

రూతు ఇప్పుడు డాబా మీద ఆడుతోంది. బంతి పిట్టగోడ దాటి కాలవలో పడింది. ఇది మూడోది.

23 మార్చి

గుమ్మంలో వెంకటరత్నం గారు, నాలుగు బొండాలతో.

“బాబాయిగారూ, మీకోసమని కోయించేనండీ.”

కాయ ఎప్పుడు తీస్తారని అడగాలి. బొండాలు అందుకున్నాను. ఆయనే అన్నారు — “ఇంకో దింపుందండీ. అదీ వచ్చేస్తే ఒకేసారి లారీకి ఎత్తించేద్దామని.”

“ఆయ్” అన్నాను. బొండాలు తీయగా ఉన్నాయి. నా నోరంటే నాకే అసహ్యం.

25 మార్చి

మెట్ల మీద రూతు. “మీరైనా వద్దంటారనుకున్నానండీ, తాతగారూ.”

కోపం లేదు గొంతులో. ‘అండీ’ కూడా వదల్లేదు పిల్ల. అదే మరీ ఘోరం.

27 మార్చి

ఎల్లుండే సెలక్షన్లు. పొద్దున్నే కుర్చీ, ఈ డైరీ పట్టుకుని కిందికి దిగాను. కుప్పలోంచి ఒక కాయ తీసి గోడవార పెట్టాను. ఇంకొకటి. యాభై అయ్యేసరికి నడుం పట్టేసింది. రూతు వచ్చింది. తనూ ఒక కాయ తీసింది. ఇంకా తీస్తూనే ఉంది. మూరెడు సున్నం గీత బయటపడింది.

గేటు దగ్గర ట్రాక్టరు. రెండో దింపు. వెంకటరత్నం గారు నవ్వుతూ వచ్చారు.

“మీకెందుకండీ శ్రమ, బాబాయిగారూ! కాస్తిలా జరిగితే ఇక్కడ పోసేస్తారు. ఏమంటారు?”

ఖాళీ అయిన చోటే కుర్చీ వేసి, కూలబడి డైరీ తెరిచాను. ఇంజను ఆపలేదు ట్రాక్టరువాళ్ళు. ఆయన నవ్వూ ఆగలేదు.

“ఏవిటండీ రాస్తున్నారు?”

రూతు సున్నం గీత మీద నిలబడి నా వైపే చూస్తోంది. నేనింకా ‘ఆయ్’ అనలేదు...