గోల్ దగ్గర నా గొంతు

శనివారం, నవంబరు 1977

నంద్యాల గ్రౌండులో ఈరోజు ఆళ్లగడ్డ జట్టు మీద హాకీ మ్యాచ్ గెలిచాం. నేను గోల్‌కీపర్ని. గ్రౌండంతా కనబడేది నాకొక్కదానికే కాబట్టి, అరిచి చెప్పడం నా పని.

"సుజాతా, ఎనక వస్తాండారు, ఎడమకియ్యి" అన్నాను. సుజాత తల కూడా తిప్పకుండా బంతిని ఎడమకు కొట్టింది. చివరికి అదే గోలైంది. నా మాటంటే జట్టుకు అంత నమ్మకం మరి.

ఇంటికొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనే నాయన ఏమంటాడోనని భయపడ్డాను. తీరా చూస్తే, ఆయన సైకిల్ మీద వచ్చి గ్రౌండు గోడవతల నిలబడి ఆటంతా చూశాడట.

వేడి పాలు నా చేతికిచ్చి, "రేపు చర్చిలో పాడొద్దులే. ఆ గొంతు ఆటకు దాపెట్టుకో" అన్నాడు.